నంది కొండల వెనక చిన్న వైనరీ: షెనిన్ కొనండి, షిరాజ్ వదిలేయండి

తీరిక లేనివాళ్ళ కోసం తీర్పు ముందే చెప్పేస్తా. బెంగళూరు నుంచి దొడ్డబళ్ళాపుర దాటి నంది కొండల వెనక వైపుకి వెళ్తే ఒక చిన్న వైనరీ ఉంది. ఒకే కుటుంబం నడుపుతోంది, రసాయన పురుగుమందులు వాడని సొంత ద్రాక్షతోనే వైన్ చేస్తారు. వాళ్ళ షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ చాలా బాగుంది. బెంగళూరు బ్లూ అనే నల్ల ద్రాక్షతో చేసిన నురగ వైన్ సరదాగా ఉంది. షిరాజ్ అనే రెడ్ వైన్ నాకు నచ్చలేదు, ఆ ధరకి అసలే నచ్చలేదు. అయినా వెళ్ళమనే చెప్తా, ఎందుకో కింద రాశా.

పేరు రాయట్లేదు, తిట్టుకోకండి. వారాంతంలో ఒక చిన్న గుంపుని మించి తీసుకోలేరు. ఈమధ్య ఎవరో పెట్టిన రీల్ చూసి వచ్చినవాళ్ళు పచ్చి గుత్తులు తెంపి చేతిలో పట్టుకుని ఫొటోలు దిగి, ఒక్క సీసా కూడా కొనకుండా వెళ్ళిపోయారట. అందుకని వైనరీ నడిపే ఇంటావిడే పేరు రాయొద్దని అడిగారు. పేరు తెలియకపోయినా ఈ రివ్యూ పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ నేను అడిగినవన్నీ మీరు ఏ వైనరీకి వెళ్ళినా అడగొచ్చు.

ఆ వైపు వైన్ కొత్త సంగతేం కాదు. కన్వల్ గ్రోవర్ 1988లో నంది కొండల దిగువన ఫ్రెంచి రకాలతో గ్రోవర్ వైన్‌యార్డ్స్ మొదలుపెట్టారు, తర్వాత మిషెల్ రోలాన్ అంతటి పేరున్న ఫ్రెంచి వైన్ కన్సల్టెంటు వాళ్ళకి సలహాలిచ్చాడు, వాళ్ళ లా రిజర్వ్ వైన్ బెంగళూరు షాపుల్లో ఇప్పటికీ దొరుకుతుంది. 2007లో కర్ణాటక ప్రభుత్వం వైన్ పాలసీ తెచ్చాక చిన్నవాళ్ళూ దిగారు. మనవాళ్ళూ ఉన్నారండోయ్. గ్రాన్యూల్స్ ఇండియా అనే మందుల కంపెనీ పెట్టిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కొప్పళ జిల్లాలో హంపి హిల్స్ వైపు తోట వేసి, ఇద్దరి పేర్లూ కలిపి క్రిస్మా అని పెట్టారు. ఏడు ఖండాల్లోనూ మారథాన్ పరిగెత్తిన జంట వాళ్ళు, తోటలోనూ అదే మొండితనం కనిపిస్తుంది. వాళ్ళ కాబర్నే అనే రెడ్ వైన్ దొరికితే వదలకండి. కాకపోతే ఆ తోట బెంగళూరు నుంచి ఒక్క రోజులో వెళ్ళి వచ్చే దూరం కాదు.

ఇంతకు ముందు ఒక పెద్ద వైనరీ టూర్‌కి వెళ్ళా. గైడ్ కుర్రాడు బట్టీపట్టినట్టు చెప్పుకుంటూ పోయాడు, ట్యాంకు ఇది, బ్యారెల్ ఇది, గ్లాసు ఇలా పట్టుకోవాలి. తోటలో ఏం స్ప్రే చేస్తారు బాబూ అని అడిగితే ఒక్క క్షణం ఆగి "సార్, మాది ఆర్గానిక్ లాంటిదే" అన్నాడు. లాంటిదే! తోటలోకి మాత్రం తీసుకెళ్ళలేదు, గేటు దగ్గర నుంచే చూపించాడు, ఆ వెంటనే గిఫ్ట్ షాపు. అప్పటినుంచి ఆ ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పే మనిషి కోసం చూస్తున్నా.

ఇక్కడ దొరికాడు. ఆయన ఓనరు కాదు, వైన్‌మేకరూ కాదు. కొమ్మలు కత్తిరించే మేస్త్రి.

మేం వెళ్ళేసరికి ఇంటావిడ షెడ్డులో ఏదో పనిలో ఉండి, "ముందు తోట చూసి రండి" అని ఆయన్ని మాతో పంపారు. నేను వచ్చీరాని కన్నడలో మొదలుపెడితే ఆయన నవ్వి "తెలుగులోనే మాట్లాడు సార్, మాది బాగేపల్లి" అన్నాడు. చిక్కబళ్ళాపుర జిల్లా తెలిసినవాళ్ళకి ఇది వింతగా ఉండదు. బాగేపల్లి, గౌరిబిదనూరు వైపు ఊళ్ళకి ఊళ్ళే తెలుగు మాట్లాడతాయి, పక్కనే ఆంధ్రా సరిహద్దు. కానీ వైనరీ టూర్ తెలుగులో జరుగుతుందని నేనైతే అనుకోలేదు. మా ఆవిడకి ఇక పట్టపగ్గాల్లేవు, అన్నా అన్నా అంటూ ఆయన వెనకే తిరిగింది.

మొదట ఆయన చూపించింది ద్రాక్ష కాదు, పక్క రైతు పొలం. అటువైపు మొత్తం మల్బరీ. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్ దగ్గరే కాబట్టి ఆ చుట్టుపక్కల మల్బరీ ఎక్కువే. "ఇక్కడ మందు కొడితే గాలికి ఆ ఆకు మీద పడుతుంది, ఆ ఆకు తిన్న పురుగులన్నీ సచ్చిపోతాయి, వాళ్ళు మా మింద కొట్లాటకొస్తారు" అన్నాడు. పట్టుపురుగులు పురుగుమందుకి అంత సున్నితం మరి. సర్టిఫికెట్ ఇచ్చే ఇన్‌స్పెక్టరు ఏడాదికి ఒకసారి వస్తాడేమో, ఈ పక్క పొలం రైతు రోజూ ఉదయం లేచి చూస్తాడు. ఇంతకంటే గట్టి ఆడిట్ నేనెక్కడా వినలేదు. మరి రెండో పక్క? అక్కడ టమాటా, దానికి మందు బాగానే పడుతుంది. అందుకే ఆ వైపు కొన్ని వరసల పండ్లని వైన్‌లో కలపకుండా విడిగా అమ్మేస్తారట. ఇది నేను అడక్కుండా ఆయనంతట ఆయనే చెప్పాడు.

అసలు కథ కత్తిరింపులో ఉంది. చలి దేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలం ఆకులు రాల్చి నిద్రపోతుంది, మన దగ్గర నిద్రపోదు, అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్ ప్రాంతంలో కొమ్మ కోసం ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాయ కోసం ఇంకోసారి. ఈ రెండో కత్తిరింపు అయ్యాక కొమ్మ మీది కళ్ళన్నీ, అంటే చిగురొచ్చే మొగ్గలన్నీ, ఒకేసారి పగలాలని చాలా తోటల్లో హైడ్రోజన్ సయనమైడ్ అనే మందు పూస్తారు. ఆయన అంతకు ముందు పనిచేసిన తోటల్లో అదే పని. "గ్లవుజులేసుకున్నా చేతులు మండేవి సార్. ఇంకోటి, అది పూసినాక కొన్ని దినాలు చుక్క ముట్టగూడదు. ముడితే మొగమంతా ఎర్రగయి గుండె దడదడ కొట్టుకుంటాది" అన్నాడు. ఇంటికొచ్చి చదివితే అక్షరాలా నిజం. ఆల్కహాల్‌ని శరీరం విరగ్గొట్టే పనిని ఆ మందు మధ్యలో ఆపేస్తుంది, తాగుడు మాన్పించే మాత్రలు పనిచేసేదీ దాదాపు ఇదే పద్ధతిలో. అంటే ఎవరో తాగే వైన్ కోసం ఆ మందు పూసే మనిషి తను మాత్రం ఒక్క గుటక కూడా తాగకూడదన్నమాట. ఏ టూర్‌లోనూ ఎవరూ ఈ సంగతి చెప్పరు.

ఇక్కడ ఆ మందు పూయరు. పూయకపోతే ఏమవుతుందంటే కళ్ళు తలా ఒక రోజు పగులుతాయి, ఒకే తీగ మీద ఒక గుత్తి పండితే ఇంకోటి పచ్చిగా ఉంటుంది, కాబట్టి కోత ఒక్క విడతలో అయిపోదు. అదే వరసలోకి మళ్ళీ మళ్ళీ వెళ్ళి పండినవే చూసి కోయాలి. కూలి అంతా అక్కడికే పోతుంది. సీసా ధర చూసి నేను మొదట మూతి ముడిచిన మాట నిజమే, ఇది విన్నాక ఆ ధర ఎక్కడిదో అర్థమైంది.

అక్టోబరు వానలు ఇంకో తలనొప్పి. బెంగళూరు చుట్టుపక్కల సరిగ్గా కాయ కత్తిరింపు అయ్యే రోజుల్లోనే వాన గట్టిగా పడుతుంది, లేత చిగుళ్ళకి బూజు తెగులు పట్టేదీ అప్పుడే. మరి మందు లేకుండా ఎలా అంటే, మందు లేకుండా కాదు. బోర్డో మిశ్రమం కొడతారు, మన ఊళ్ళల్లో అందరికీ తెలిసిన మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్ళే. అది ఫ్రాన్సులో బోర్డో ద్రాక్షతోటల్లో 1880ల్లో పుట్టింది, అందుకే ఆ పేరు. బూడిద తెగులుకి గంధకం. ఈ రెండిటినీ ఆర్గానిక్ నిబంధనలు ఒప్పుకుంటాయి. కాబట్టి ఆర్గానిక్ అంటే ఏమీ కొట్టని తోట అని ఎవరైనా అంటే నమ్మకండి. మైలుతుత్తంలో ఉండే రాగి లోహం మట్టిలో పేరుకుపోతుంది, ఎక్కడికీ పోదు. యూరప్‌లో హెక్టారుకి ఏడేళ్ళలో 28 కిలోలు మించకూడదని లెక్క పెట్టిందీ అందుకే. ఇక్కడ ఏ తేదీన ఎంత కొట్టారో ఒక పుస్తకంలో రాసుకుంటున్నారు, అడిగితే చూపించారు. నాకు సగం అర్థం కాలేదు గానీ చూపించారు కదా, అది చాలు.

ఇంతా చేసి సీసా మీద ఎక్కడా ఆర్గానిక్ అన్న మాట లేదు. షెడ్డుకి తిరిగొచ్చాక ఇంటావిడని అదే అడిగా. ద్రాక్ష లాంటి బహువార్షిక పంటకి రసాయనాలు మానేశాక మూడేళ్ళ మార్పిడి కాలం గడిస్తే గానీ ఆర్గానిక్ సర్టిఫికెట్ రాదు, వాళ్ళింకా ఆ మధ్యలో ఉన్నారు. సర్టిఫికెట్ లేకుండా ఆ మాట లేబుల్ మీద వేయడం చట్టం ప్రకారం కుదరదు. "వచ్చాక కూడా వేస్తామో లేదో చూడాలి, ప్రతి ఏడాదీ ఆ ఫీజు కట్టడం మాలాంటివాళ్ళకి భారమే" అన్నారు. అటు షాపుల్లో నేచురల్, ప్యూర్, క్లీన్ అని లేబుల్ నిండా రాసుకున్న సీసాలు చూస్తుంటాం, ఆ మాటలు ఆర్గానిక్ సర్టిఫికెట్‌తో సమానం కాదు.

ఆవిడ గురించి కొంచెం చెప్పాలి. మైక్రోబయాలజీ చదివి ఏదో కంపెనీ ల్యాబ్‌లో క్వాలిటీ విభాగంలో పనిచేశారు. అత్తగారింటి వాళ్ళు మొదటినుంచీ బెంగళూరు బ్లూ పండించి జ్యూసు కంపెనీలకీ మార్కెట్‌కీ వేసేవాళ్ళు. ధర పడిపోయి గుత్తులు తోటలోనే ఎండిపోయిన ఒక ఏడాది తర్వాత, మామగారిని ఒప్పించి కొన్ని ఎకరాల్లో షెనిన్, షిరాజ్ వేయించారు. మామగారు ఇప్పటికీ వైన్ తాగరట, కానీ కోత రోజున పొద్దున్నే అందరికంటే ముందు తోటలో ఉండేది ఆయనే. ఆవిడ మాట్లాడే తీరు నాకు బాగా నచ్చింది. గాలిలో తేలే మాటలు ఒక్కటీ లేవు. వాసన గురించి అడిగితే పండ్ల జాబితా చదవలేదు, "మీకేమనిపిస్తే అదే" అని గ్లాసు చేతిలో పెట్టారు. పులియడం గురించి అడిగితే మాత్రం నోటుబుక్ తెరిచి ఏ రోజు ఎంత ఉష్ణోగ్రత, ఎంత చక్కెర మిగిలింది, అంతా చూపించారు. బయటనుంచి ఈస్ట్ వేయరు, ద్రాక్ష తొక్క మీద, షెడ్డులో ఉన్న ఈస్ట్‌తోనే పులియనిస్తారు. అది ఒక్కోసారి మధ్యలో మొరాయిస్తుంది, అప్పుడు రాత్రిళ్ళు నిద్ర ఉండదు, అదో టెన్షన్.

వైన్ పాడవకుండా వేసే సల్ఫైట్ సంగతి కూడా అడిగేశా, ఎందుకంటే మన వాట్సాప్ గ్రూపుల్లో తలనొప్పి అంతా సల్ఫైట్ వల్లే అని తీర్మానం అయిపోయింది. ఆవిడ నవ్వి "ఎండు ఆప్రికాట్లు తింటే తలనొప్పి వస్తుందా మీకు?" అని అడిగారు. నారింజ రంగులో మెరిసే ఎండు ఆప్రికాట్లలో వైన్ కంటే సల్ఫైట్ చాలా ఎక్కువ. అసలు పులిసేటప్పుడు ఈస్టే కొంత తయారుచేస్తుంది కాబట్టి సల్ఫైట్ బొత్తిగా లేని వైన్ దాదాపు ఉండదు. యూరప్‌లో మామూలు రెడ్ వైన్‌కి లీటరుకి 150 మిల్లీగ్రాములు పరిమితి అయితే ఆర్గానిక్ రెడ్‌కి 100. ఈవిడ సీసాలో నింపేటప్పుడు మాత్రమే కొంచెం వేస్తారు, మన ఎండకి బొత్తిగా వేయకపోతే సీసా షాపుకి చేరేలోపే పాడవుతుందని. ఆస్తమా ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్తగా ఉండాల్సిందే, అది వేరే సంగతి.

ఇక తాగిన సంగతి. షెనిన్ బ్లాంక్ చల్లగా పోశారు. మొదటి గుటకలోనే పులుపు నాలుకని లేపుతుంది, ఆ వెనక కొంచెం తేనె వాసన, తీపి చాలా తక్కువ. నీళ్ళలా జారిపోయే తెల్ల వైన్ కాదు, నోట్లో కొంచెం బరువుగా నిలుస్తుంది. రెండు సీసాలు కొన్నాం. ఒకటి ఇంట్లో గోంగూర మాంసంతో తెరిచాం. మామూలుగా కారం కూరకి రెడ్ వైన్ అని చెప్తారు గానీ నాకది ఎప్పుడూ కుదరలేదు, రెడ్‌లోని వగరూ ఆల్కహాలూ కలిసి మిరపకాయ మంటని ఇంకా ఎగదోస్తాయి. ఈ షెనిన్ పులుపు గోంగూర పులుపుతో భేషుగ్గా సర్దుకుంది. ఆంధ్రా భోజనం తినే ఇంట్లో ఒకే ఒక్క వైన్ పెట్టుకోవాలంటే ఇలాంటిదే పెట్టుకోవాలి.

షిరాజ్ దగ్గరికొచ్చేసరికి కథ మారింది. ముక్కు దగ్గర పెట్టగానే వెనిగర్ వాసన లీలగా తగిలింది, నోట్లో ఉడికిన పండు, గొంతులో వేడి. ఆ ఏడాది ఎండలు ముదిరి పండులో చక్కెర పెరిగి పులుపు పడిపోయిందని ఆవిడే చెప్పారు. అలాంటప్పుడు చాలామంది టార్టారిక్ యాసిడ్ కలిపి సరిచేస్తారు, అది ద్రాక్షలో సహజంగా ఉండేదే. ఈవిడ కలపలేదు. ఏమీ కలపకూడదన్న పట్టుదల నాకూ ఇష్టమే, కానీ తాగేవాడికి గ్లాసులో ఉన్నదే ముఖ్యం, పట్టుదల రుచి ఎవరికీ తెలియదు. చిన్న వైనరీ కదా, కష్టపడుతున్నారు కదా అని ఈ వెనిగర్ వాసనని "క్యారెక్టర్" అని మెచ్చుకునేవాళ్ళు బెంగళూరులో చాలామందే ఉన్నారు. నేను ఆ గుంపులో లేను, ఆ మాట ఆవిడకే చెప్పా, ఆవిడ ఏమీ నొచ్చుకోకుండా "ఈసారి ముందే కోస్తున్నాం" అన్నారు. వచ్చే ఏడాది షిరాజ్ కోసం మళ్ళీ చూస్తా.

బెంగళూరు బ్లూ నురగ వైన్ అందరికీ నచ్చుతుందని చెప్పను. ఈ ద్రాక్షకి 2013లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు పంట అనే గుర్తింపు వచ్చింది, మార్కెట్లో నల్లగా గుండ్రంగా గింజలతో ఉండేది ఇదే. దీని వాసన యూరప్ రకాల్లా ఉండదు, సీసాలో అమ్మే ద్రాక్ష జ్యూసులా గుప్పుమంటుంది, వైన్ పండితులు ముఖం చిట్లిస్తారు. దీనితో ఎక్కువగా తియ్యటి చవక పోర్ట్ వైన్లే చేస్తారు. ఈవిడ తీపి మిగలకుండా, పులిసేది పూర్తి కాకముందే సీసాలో పోసి మూత బిగించేస్తారు, మిగతా పులిసింది లోపలే నురగవుతుంది. అడుగున మడ్డి ఉంటుంది, భయపడకండి. వాసన తియ్యగా ఉంటుంది, నోట్లో మాత్రం తీపి ఉండదు, చేదూ ఉండదు, కాస్త తికమక పెడుతుంది, మిరపకాయ బజ్జీలతో మాత్రం అదిరిపోయింది. మా ఆవిడకి మూడింట్లోకీ ఇదే నచ్చింది.

తిండి దగ్గర వాళ్ళు మారాలి. ప్లేటులో చీజ్ ముక్కలు, ఉప్పు బిస్కెట్లు, ప్యాకెట్టు ఆలివ్‌లు. పక్క పాకలో మేస్త్రి ఇంటివాళ్ళు రాగిముద్ద, నాటుకోడి పులుసు తింటున్నారు, వాసనకే మాకు ప్రాణం లాగింది. డబ్బులిస్తాం అదే పెట్టండి అని అడిగితే వచ్చినవాళ్ళు ఇలాంటివి తింటారా అని మొహమాటపడ్డారు. మేం తిన్నాం. షెనిన్‌తో నాటుకోడి పులుసు తిన్నాక ఇక చీజ్ ముక్కల జోలికి పోలేదు.

ధర: షెనిన్, నురగ వైన్ సీసా వెయ్యి పైచిలుకు, షిరాజ్ ఇంకా ఎక్కువ. ఒక సీసాకి కిలోకి పైగా ద్రాక్ష పడుతుంది, పైన చెప్పిన విడతల కోత, మళ్ళీ ఎక్సైజు, అన్నీ కలిపితే షెనిన్‌కి ఆ ధర న్యాయమే. ముందే ఫోన్ చేసి వెళ్ళాలి, చెప్పకుండా వెళ్తే గేటు తీయరు. జనవరి నుంచి మార్చి లోపు వెళ్తే కోత చూడొచ్చు, అక్టోబరులో వెళ్తే కత్తిరింపు చూడొచ్చు, మే నెలలో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. బండి నడిపేవాళ్ళు చుక్క ముట్టకండి, రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మేం డ్రైవర్ని పెట్టుకున్నాం. హైదరాబాదుకో అనంతపురానికో సీసాలు పట్టుకెళ్ళేవాళ్ళు రాష్ట్రం దాటే ముందు ఎక్సైజు నిబంధనలు చూసుకోండి, మా మావయ్యకి తీసుకెళ్దామనుకున్న సీసా అందుకే మా ఫ్రిజ్‌లోనే ఉంది. నురగ వైన్ కొంటే నిలువుగా ఫ్రిజ్‌లో పెట్టి, బాగా చల్లబడ్డాక సింక్ మీద తెరవండి. మేం సోఫా దగ్గర తెరిచాం, కవర్లు ఉతకడానికి వేశాం.